రెండో ట్వీటరూ కాలిందా? మూడోది కొనేముందు ఇవి చూడండి

కోఠీ గుజరాతీ గల్లీలో ట్వీటర్ (స్పీకర్ పెట్టెలో పైస్వరాలు పలికించే చిన్న స్పీకర్) కొనుక్కొచ్చి బిగించడం అరగంట పని. కొన్నాళ్లకే అదీ మూగబోతే నకిలీ సరుకు అంటగట్టారని దుకాణాన్ని తిట్టుకుంటాం. నిజానికి చాలాసార్లు తప్పు ట్వీటర్‌ది కాదు, దాని వెనకున్న క్రాసోవర్‌దో (పైస్వరాలను, కింది స్వరాలను విడదీసి పంపే సర్క్యూట్) ఆంప్లిఫయర్‌దో. అది తేలకుండా మూడోది బిగిస్తే అదీ కాలుతుంది.

25 మిల్లీమీటర్ల డోమ్ ట్వీటర్ కాయిల్‌లో ఉండేది వెంట్రుకంత తీగ. స్పీకర్ మీద 100 వాట్లని రాసి ఉన్నా, అది మామూలు సంగీతం మోగినప్పటి లెక్క. సంగీతంలో శక్తి ఎక్కువభాగం కింది స్వరాలదే కాబట్టి ట్వీటర్ వాటా కొద్ది వాట్లే. అంతకుమించి ఏకధాటిగా వస్తే కాయిల్ వేడికి తట్టుకోలేదు.

ముందు పోయినదాన్ని పరీక్షించాలి. ట్వీటర్ వైర్లు విడదీసి, మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల స్కేలు మీద పెట్టండి. ప్రోబ్‌లు రెండూ తాకించినప్పుడు వచ్చే అంకెను తీసేయగా 8 ఓమ్‌ల ట్వీటర్ 5.5 నుంచి 7 వరకు చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు. స్పీకర్ వెనక టెర్మినళ్ల దగ్గర కొలిస్తే లాభం లేదు. మధ్యలో కెపాసిటర్ మీటర్ పంపే డీసీని ఆపేస్తుంది, కనిపించేది వూఫర్ (కింది స్వరాల పెద్ద స్పీకర్) కాయిలే.

తర్వాత డోమ్ ఊడదీసి చూడండి. కాయిల్ నల్లబడి వార్నిష్ కమురు వాసన కొడుతుంటే వేడికి పోయింది. కాయిల్ రాగి రంగులో మెరుస్తూనే ఉండి, బయటికొచ్చే సన్నతీగ మాత్రం తెగి ఉంటే అది అదురుకు పోయింది, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు ట్వీటర్‌దాకా వచ్చి దాన్ని ఊపేశాయన్న అనుమానం బలపడుతుంది. కొలత సరిగ్గానే ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ శబ్దం మందగిస్తే మాత్రం అది కాలడం కాదు. కొన్ని ట్వీటర్లలో కాయిల్ చల్లబడటానికి పోసే ఫెర్రోఫ్లూయిడ్ ఎండి బంకలా పట్టేసి ఉంటుంది. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ రాకెట్ ఇంధనం కోసం కనిపెట్టిన అయస్కాంత ద్రవం ఇదే. కాయిల్ కదిలే గాడిని కాగితపు పట్టీలతో శుభ్రం చేసి కొత్తది పోస్తే ట్వీటర్ కోలుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న: ప్రతిసారీ ఒకే పక్కది పోతోందా, రెండు పక్కలవీనా?

ఒకే పక్కదైతే ఆ పెట్టెలోని క్రాసోవర్‌ను అనుమానించండి. ట్వీటర్ స్థానంలో 8 ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తగిలించి, 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ ఏసీలో 2.83 వోల్టులు వచ్చేదాకా వాల్యూం పెంచండి. 3 కిలోహెర్ట్జ్ దగ్గర విడదీసే ఒంటి కెపాసిటర్ క్రాసోవరైతే రెసిస్టర్ మీద 0.1 వోల్టు దరిదాపుల్లో ఉండాలి. ఇండక్టర్ (తీగచుట్ట) కూడా ఉంటే కొద్ది మిల్లీవోల్టులే. వోల్టు దాటితే కెపాసిటర్ షార్ట్ అయినట్టే.

కెపాసిటర్ విలువనూ కాలు ఒకటి ఊడదీసి కొలవాలి. 8 ఓమ్‌లకు 6.6 మైక్రోఫారడ్‌లు పెడితే స్వరాలను విడదీసే హద్దు 3 కిలోహెర్ట్జ్. "సౌండ్ బాగా వస్తుంది" అని ఎవరైనా 10 వేసి ఉంటే హద్దు 2 కిలోహెర్ట్జ్‌కు దిగిపోతుంది. ట్వీటర్ సహజ కంపనం 1500 హెర్ట్జ్ అయితే అది ప్రమాదమే, హద్దు కనీసం దానికి రెట్టింపు ఉండాలి. మామూలు ప్లస్-మైనస్ ఎలక్ట్రోలిటిక్ ఇక్కడ పనికిరాదు. నాన్‌పోలార్ కావాలి, 100 వోల్టుల ఫిల్మ్ కెపాసిటరైతే ఇంకా మేలు. దాంతో పైస్వరాలు కాస్త పెరిగినట్టనిపిస్తే వరుసలో అర ఓమ్ నుంచి ఓమ్ రెసిస్టర్ చాలు.

క్రాసోవర్ బాగానే ఉంటే ఆ పక్క చానల్ చూడాలి. పాటేమీ లేకుండానే ఆంప్లిఫయర్ హీట్‌సింక్ వేడెక్కుతుంటే, అవుట్‌పుట్ దగ్గరి 10 ఓమ్‌ల రెసిస్టర్ మాడి ఉంటే, చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో అది డోలనం చేస్తుండొచ్చు. దీన్ని పట్టేది ఆసిలోస్కోపే.

రెండు పక్కలవీ పోతుంటే ఎక్కువసార్లు కారణం క్లిప్పింగ్. పెద్ద ఆంప్లిఫయర్ స్పీకర్లను కాలుస్తుందని మన భయం. కానీ చిన్నదాన్ని మితిమీరి వాడటమూ అంతే ప్రమాదం. బేస్ శిఖరాలు సప్లై వోల్టేజి కప్పుకు తగిలి చదునవుతాయి, క్లిప్పింగ్ అంటే ఇదే. ఇంకా తిప్పితే బేస్ పెరగలేదు, పైస్వరాలు మాత్రం పెరుగుతూ పోతాయి. పూర్తిగా చదునైన తరంగం అదే ఎత్తున్న సైన్ తరంగానికి రెట్టింపు శక్తి మోస్తుంది. వినాయక చవితికి ఇంటి స్పీకర్లను మేడమీద పెట్టి రాత్రంతా మోగిస్తే జరిగేది ఇదే. ట్రెబుల్‌ను 10 డెసిబెల్స్ పెంచితే ట్వీటర్‌కు పదిరెట్లు శక్తి వెళ్తుందని కూడా గుర్తుంచుకోండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఇంకో చిక్కుంది. 230 వోల్టుల సైన్ కరెంటు శిఖరం 325 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయర్ సప్లై కెపాసిటర్లు నిండేది ఆ శిఖరాన్ని బట్టే. చవక స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ శిఖరం 230 దగ్గరే ఆగిపోతే సప్లై దాదాపు 30 శాతం తగ్గుతుంది, శక్తి సగానికి పడిపోతుంది. నాబ్ అక్కడే ఉన్నా 50 వాట్ల ఆంప్లిఫయర్ 25 వాట్లకే క్లిప్ అవుతుంది.

క్లిప్పింగ్ మొదలయ్యే హద్దు ఎక్కడో నాబ్ మీదే గుర్తు పెట్టుకోవచ్చు. స్పీకర్ వైర్లు తీసేసి (వాల్వ్ ఆంప్లిఫయర్లతో ఇలా చేయొద్దు), బేస్, ట్రెబుల్ మధ్యలో పెట్టి, పూర్తిస్థాయి 60 హెర్ట్జ్ టోన్ మోగించండి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన వోల్టేజి వస్తుంది: 50 వాట్లు, 8 ఓమ్‌లకు 20. అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ ఏసీలో 20 చూపేదాకా నాబ్ తిప్పి, అక్కడ స్టిక్కర్ అంటించండి. అది పది గంటల స్థానంలోనే వచ్చినా ఆశ్చర్యపడొద్దు. ఇన్వర్టర్ మీద 14 వోల్టులు చూపే చోట రెండో స్టిక్కర్ అంటించండి.