శరణార్థి అనే మాట లేని చట్టం

తెలుగులో కాందిశీకుడు అని ఒక మాట ఉంది. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఎటు పోవాలో తెలియక ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తేవాడు కాందిశీకుడు. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన తెలుగువాళ్లను మన పెద్దలు ఈ మాటతోనే పిలిచారు. హైదరాబాద్ చుట్టుపక్కల భూవివాదాల్లో ‘కాందిశీకుల భూములు’ అన్నది నేటికీ వినిపిస్తుంది. దేశ విభజన వేళ పాకిస్తాన్‌కు వెళ్లిపోయినవాళ్ల ఆస్తులవి. వాటిని చూసుకోవడానికి 1950లో చట్టం చేశారు, కస్టోడియన్ అనే అధికారిని పెట్టారు. మనిషి వదిలిపోయిన భూమికి అలా చట్టంలో ఒక పేరు, ఒక పద్ధతి ఏర్పడ్డాయి. ప్రాణభయంతో సరిహద్దు దాటి మన దగ్గరికి వచ్చిన మనిషికి మాత్రం ఇప్పటికీ పేరు లేదు. చట్టం లెక్కలో అతను విదేశీయుడు. చదువుకోవడానికి వచ్చినవాడూ, వ్యాపారానికి వచ్చినవాడూ, తగలబడుతున్న ఊరు వదిలి వచ్చినవాడూ ఆ ఒక్క మాట కిందికే వస్తారు.

ఈ లోటు ఎలాంటిదో హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో కనిపిస్తుంది. అక్కడ ప్రైవేటు స్థలాల్లో అద్దె కట్టి, టార్పాలిన్లూ చెక్కలతో గుడిసెలు వేసుకుని, మయన్మార్ (పాత పేరు బర్మా) నుంచి వచ్చిన రోహింగ్యా ముస్లిం కుటుంబాలు ఉంటున్నాయి. చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చిన కార్డు ఉంటుంది. దాని మీద ఫొటో, పేరు, పుట్టిన తేదీ, స్వదేశం, ఒక నంబరు, గడువు తేదీ ఉంటాయి. పుట్టిన ఏడాది తప్ప తేదీ తెలియనివాళ్లకు సాధారణంగా జనవరి 1 అని రాస్తారు. రోహింగ్యా భాషలోని పేరు ఒక కాగితం మీద ఒకలా, ఇంకో కాగితం మీద ఇంకోలా పడుతుంది. ఇద్దరు అన్నదమ్ముల ఇంటిపేర్లు కలవవు, ఎందుకంటే వాళ్లలో ఇంటిపేరు అనే పద్ధతే లేదు. ఈ చిన్న తేడాలే తర్వాత విచారణలో ‘పొంతన లేని వివరాలు’గా మారి మనిషి మెడకు చుట్టుకుంటాయి. కార్డు ఉన్నవాణ్ని వెనక్కి పంపవద్దని సంస్థ ప్రభుత్వాన్ని కోరుతుంది. కోరడమే దాని చేతిలో ఉంది, ఆదేశించే అధికారం లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే 1951కి వెళ్లాలి. ఆ ఏడాది జూలై 28న జెనీవాలో శరణార్థుల ఒప్పందం కుదిరింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా వేధిస్తారన్న సహేతుకమైన భయంతో సొంత దేశం బయట ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేనివాడు శరణార్థి అని నిర్వచించింది. ఒప్పందానికి ప్రాణం 33వ అధికరణం: ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి ఎవరినీ తిప్పి పంపకూడదు. దాని పక్కనే చెప్పుకోవలసింది 31వ అధికరణం. ముప్పున్న చోటి నుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వెళ్లినవాణ్ని, అనుమతి లేకుండా సరిహద్దు దాటాడన్న కారణంతో శిక్షించకూడదని అది అంటుంది. తరుముతున్న ప్రభుత్వం దగ్గరికే వెళ్లి పాస్‌పోర్టు అడగడం ఎవరి వల్లా కాదని ఒప్పందం రాసినవాళ్లకు తెలుసు.

అయితే అది యూరప్‌ను కళ్ల ముందు పెట్టుకుని రాసిన పత్రం. 1951 జనవరి 1కి ముందు జరిగిన ఘటనలకే వర్తిస్తుందన్నారు. సంతకం చేసే దేశం కావాలంటే దాన్ని యూరప్ ఘటనలకే పరిమితం చేసుకోవచ్చన్నారు. అప్పటికి మన ఉపఖండంలో దాదాపు కోటిన్నర మంది ఇళ్లు వదిలి సరిహద్దు దాటారు. వాళ్లకు అవతలి దేశంలో పౌరసత్వం దొరుకుతుంది కాబట్టి ఈ నిర్వచనంలోకి రారు. విభజన వేళ తరలివచ్చి కురుక్షేత్ర శిబిరంలో ఉన్నవాళ్లకు వర్తించని ఒప్పందం మనకెందుకన్న భావన ఢిల్లీలో బలపడింది. ఒప్పందానికి అనుబంధంగా వచ్చిన 1967 ప్రొటోకాల్ తేదీ పరిమితిని తీసేసింది. అప్పటికే మనకు మన పద్ధతి అలవాటైపోయింది. భారత్ ఒప్పందం మీదా సంతకం చేయలేదు, ప్రొటోకాల్ మీదా చేయలేదు. 1995 నుంచి మాత్రం అదే శరణార్థుల సంస్థ కార్యనిర్వాహక కమిటీలో సభ్యురాలిగా కూర్చుంటోంది.

ఆ పద్ధతి ఏమిటంటే, వచ్చిన గుంపును బట్టి ఒక్కో ఏర్పాటు. 1959లో దలైలామా వెంట వచ్చిన టిబెటన్లకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు, కర్ణాటకలోని బైలకుప్పె లాంటి చోట్ల భూములు ఇచ్చారు. తూర్పు పాకిస్తాన్‌లో కప్తాయ్ డ్యాం ముంపులో పొలాలు పోయి, మతపరమైన వేధింపులు కూడా తోడై 1964లో వచ్చిన చక్మా తెగవాళ్లకు నేటి అరుణాచల్‌లో చోటిచ్చారు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది వస్తే శిబిరాలు పెట్టి అన్నం పెట్టారు. 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళులకు తమిళనాడులో శిబిరాలు, నెలనెలా నగదు సాయం ఏర్పాటు చేశారు. ఇది చిన్న విషయం కాదు. ఒప్పందం మీద సంతకం చేసిన ఎన్నో సంపన్న దేశాలు ఇంత చేయలేదు. కానీ ఇదంతా ప్రభుత్వ నిర్ణయంతో వచ్చింది, హక్కుగా రాలేదు. నిర్ణయం మారితే అడగడానికి చట్టంలో ఒక్క సెక్షన్ లేదు.

బర్మా విషయంలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినందుకు అక్కడి తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే పడింది. 1942లో జపాన్ బాంబులకు రంగూన్ ఖాళీ అయినప్పుడు వేలమంది అరకాన్, మణిపూర్ అడవుల గుండా నడిచి వచ్చారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. 1962లో సైనిక జనరల్ నె విన్ అధికారంలోకి వచ్చి దుకాణాలను జాతీయం చేశాక, మిగిలిన భారతీయుల్లో లక్షల మంది ఓడల్లో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అక్కడి నుంచి వచ్చిందే. వాళ్లను ఆదుకోవడానికి 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. ‘ఇది మీ దేశం కాదు’ అన్న బర్మా కత్తెర మొదట పడ్డది మనవాళ్ల మీదే. వాళ్లకు వెనక ఒక దేశం ఉంది, అది ఓడ పంపింది.

అదే కత్తెర రోహింగ్యాల మీద పడినప్పుడు వెనక ఎవరూ లేరు. 1982 పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచి అక్కడ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం అంది. అధికారిక జాబితాలోని 135 జాతుల్లో రోహింగ్యా పేరు లేదు. 1995 నుంచి ‘తెల్ల కార్డులు’ అనే తాత్కాలిక కాగితాలు ఇచ్చి, 2015లో అవీ రద్దు చేశారు. 1978లో, 1991-92లో, 2012లో విడతలవారీగా తరిమారు. 2017 ఆగస్టు 25 తర్వాత 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాద్‌కు వచ్చినవాళ్లలో చాలామంది 2012 అల్లర్ల తర్వాత బంగ్లాదేశ్, పశ్చిమ బెంగాల్ మీదుగా రైళ్లలో చేరినవాళ్లు.

ఇక్కడ వాళ్లకు దారి ఇలా ఉంటుంది. ముందు యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గర నమోదు. అప్పుడు చేతికి వచ్చేది దరఖాస్తు పరిశీలనలో ఉందని చెప్పే కాగితం మాత్రమే. తర్వాత దుబాసీ సాయంతో ఇంటర్వ్యూ: ఏ ఊరు, ఎవరు బెదిరించారు, ఎప్పుడు బయల్దేరారు, ఏ దారిన వచ్చారు. చెప్పిన వివరాలను ఆ ప్రాంతం గురించి తెలిసిన సమాచారంతో సరిపోల్చుతారు. యుద్ధనేరాలు, ఘోర నేరాలు చేసినవాళ్లను నిర్వచనమే బయట పెడుతుంది. అంగీకరిస్తే కార్డు ఇస్తారు, తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. ఇంత జాగ్రత్తగా తేల్చిన తీర్పుకు పోలీసు స్టేషన్‌లో చట్టపరమైన విలువ లేదు. ఈ కార్డు చూపించి ఆధార్ తీసుకోలేరు. తీసుకున్నవాళ్లు ఫోర్జరీ కేసుల్లో ఇరుక్కున్నారు. ఆధార్ లేకపోతే సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం కష్టం. దళారీ వచ్చి కొన్ని వేలకు చేసిపెడతానంటాడు. ఆ కార్డు తీసుకున్న రోజునే శరణార్థి కాస్తా నేరస్థుడవుతాడు.

కేంద్ర హోంశాఖ దగ్గర ఒక మెరుగైన మార్గం ఉండేది. 2011 డిసెంబరు 29 నాటి మార్గదర్శకాల ప్రకారం, శరణార్థినని చెప్పుకునే విదేశీయుడి భయం పైకి చూస్తే నిజమనిపిస్తే, 30 రోజుల్లో దీర్ఘకాలిక వీసాకు సిఫారసు చేయాలి. భద్రతా తనిఖీ తర్వాత ఆ వీసా వస్తే ప్రైవేటు ఉద్యోగం చేయొచ్చు, పిల్లలను చదివించుకోవచ్చు. వేధింపుకు ఆ పత్రం చెప్పిన కారణాలు జెనీవా ఒప్పందంలోవే, లింగం, తెగ గుర్తింపు అన్నవి అదనం. అంటే సంతకం చేయని ఒప్పందం మాటలను మన హోంశాఖే తన సర్క్యులర్‌లో వాడుకుంది. కానీ సర్క్యులర్‌ను సంతకంతో తెచ్చి సంతకంతో ఆపొచ్చు. అక్రమ వలసదారులను గుర్తించి పంపేయాలని 2017 ఆగస్టు 8న హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. రోహింగ్యాలకు ఆ వీసాల దారి మూసుకుపోయింది. 2018 అక్టోబరు 4న అస్సాంలోని సిల్చార్ జైలు నుంచి ఏడుగురిని మయన్మార్‌కు అప్పగించారు.

కోర్టులు చెప్పినదాంట్లోనూ రెండు పాయలున్నాయి. విదేశీయుణ్ని పంపించే అధికారం ప్రభుత్వానికి పూర్తిగా ఉందని 1955లో హన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు అంది. చక్మాల కేసులో 1996లో అదే కోర్టు, మన రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులు కానివాళ్ల ప్రాణాన్ని కూడా కాపాడుతుంది, వాళ్లను తరిమేస్తామనే బెదిరింపులను రాష్ట్రం అడ్డుకోవాలి అంది. 1998లో గుజరాత్ హైకోర్టు, 2021 మేలో మణిపూర్ హైకోర్టు ఇంకో అడుగు వేసి, ముప్పున్న చోటికి తిప్పి పంపకపోవడం 21వ అధికరణంలోనే ఉందన్నాయి. మణిపూర్‌లో ఏడుగురు మయన్మార్ పౌరులు ఢిల్లీ వెళ్లి శరణు కోరడానికి కోర్టే దారి ఇచ్చింది. దానికి నెల ముందు, 2021 ఏప్రిల్ 8న, జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు వేరుగా చెప్పింది. సమానత్వం, ప్రాణరక్షణ గురించి చెప్పే 14, 21 అధికరణాలు అందరివీ, కానీ దేశం నుంచి పంపేయకుండా ఉండే హక్కు పౌరులకు మాత్రమే ఉన్న నివాస హక్కుతో ముడిపడింది అని. నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపొద్దన్నది ఒక్కటే దక్కింది. ఆ పద్ధతిలో ‘అక్కడికి వెళ్తే ఇతను బతుకుతాడా’ అని అడిగే అంచె లేదు.

సరిహద్దు దాటనివాళ్ల సంగతి ఇంకా గడ్డు. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం 2005లో మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి గోదావరి ఇవతలి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ గిరిజనులు భారత పౌరులే కాబట్టి శరణార్థుల ఒప్పందం వాళ్లకు వర్తించదు. అంతర్గత నిర్వాసితుల కోసం ఐరాస 1998లో మార్గదర్శక సూత్రాలు తెచ్చింది గానీ వాటికి కట్టుబడాలన్న నిర్బంధం లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుల భూమినే గుర్తిస్తుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు పోడు పట్టా రాదు. సొంత రాష్ట్రంలోని ఎస్టీ గుర్తింపు ఇక్కడ చెల్లదు.

2025 సెప్టెంబరు 1 నుంచి పాత విదేశీయుల చట్టాల స్థానంలో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. నాలుగు చట్టాలను ఒకటి చేసిన సందర్భమది. శరణార్థి అన్న మాట రాయడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు. రాయలేదు. సరైన పత్రాలు లేకుండా వస్తే అయిదేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నువ్వు విదేశీయుడివి కాదని నువ్వే నిరూపించుకోవాలన్న 1946 నాటి భారమూ కొనసాగింది. దాంతోపాటే వచ్చిన మినహాయింపు ఉత్తర్వు కొందరిని ఈ శిక్షల నుంచి తప్పించింది: నమోదైన టిబెటన్లు, 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులు, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి 2024 డిసెంబరు 31లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవ మైనారిటీలు. వీళ్లకు ఊరట రావడం న్యాయమే. కానీ భయం నిజమా కాదా అని మనిషిని అడగకుండా, దేశం, మతం, తేదీ చూసి తేల్చే పద్ధతి ఇది. ఆ జాబితాలో మయన్మార్ లేదు.

రోహింగ్యాలు శరణార్థులా, అక్రమంగా ప్రవేశించినవాళ్లా అన్నదే ముందుగా తేలాల్సిన ప్రశ్న అని 2025 జూలై 31న సుప్రీంకోర్టు ధర్మాసనం అంది. తేల్చడానికి కొలబద్దగా పెట్టుకోదగిన చట్టం పార్లమెంటు నుంచి రాలేదు. జస్టిస్ పి.ఎన్.భగవతి నేతృత్వంలో 1997లో ఒక నమూనా చట్టం తయారైంది. 2015లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. రెండూ కాగితాల మీదే ఉన్నాయి.

ఇక మిగిలింది ఇంకో దేశానికి వెళ్లిపోవడం. యూఎన్‌హెచ్‌సీఆర్ సిఫారసుతో మూడో దేశం ఒక కుటుంబాన్ని పిలిచి, ఇంటర్వ్యూ చేసి, వైద్య పరీక్షలు పూర్తి చేసి, ప్రయాణ పత్రం ఇచ్చిందనుకుందాం. అయినా విమానం ఎక్కాలంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి ఎగ్జిట్ పర్మిట్ రావాలి. అది వచ్చేలోగా వైద్య పరీక్షల గడువు తీరిపోతుంది, మళ్లీ మొదటికి వస్తారు. ఆ పర్మిట్ దరఖాస్తు అడిగేది పాస్‌పోర్టు వివరాలు, భారత్‌లోకి వచ్చిన వీసా వివరాలు.