పెంటాక్స్ కె1000 చేతికొచ్చిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

బీరువాలోంచి బయటపడిన ఆ బరువైన కెమెరా పెంటాక్స్ కె1000. 1976లో మొదలై 1997 దాకా తయారైన మోడలు. ఇంత పాతదాన్ని జనం ఇంకా ఎందుకు వాడుతున్నారని అడిగారు. నాకు తోచిన జవాబు ఒకటే: అది మీ బదులు ఏదీ నిర్ణయించదు. వెలుతురు ఎంత రావాలి, ఎంతసేపు రావాలి, ఏది స్పష్టంగా ఉండాలి, ఈ మూడూ మీ వేళ్ల కిందే ఉంటాయి. ఫొటో చెడితే ఆ మూడింట్లో ఏది తప్పిందో మీకే తెలిసిపోతుంది.

అడుగున ఉండే ఎల్ఆర్44 సెల్లు (చిన్న బొత్తాం బ్యాటరీ) వెలుతురును కొలిచే మీటరు ముల్లు కోసమే. క్షణకాలం తెరుచుకుని వెలుతురును లోపలికి వదిలే తెరలు, అంటే షట్టర్, స్ప్రింగులతో నడుస్తుంది కాబట్టి సెల్లు చచ్చినా ఫొటో పడుతుంది. మీటరుకు విడిగా స్విచ్ లేదు. లెన్సు మూత తీసి వదిలేస్తే సెల్లు ఊరికే అయిపోతుంది.

అసలు మీటరు లేకపోయినా లెక్క కుదురుతుంది. మంచి ఎండలో అపెర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) 16 పెట్టి, షట్టర్ అంకెను (125 అంటే సెకనులో 125వ వంతు) రీలు ఐఎస్ఓకు, అంటే వెలుతురుకు ఫిల్ము ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెకు, దగ్గరగా ఉంచండి: 100 రీలుకు 125, 400 రీలుకు 500. నీడల అంచులు మెత్తబడితే 11, నీడ లీలగా ఉంటే 8, నీడే పడకపోతే 5.6. అపెర్చర్ ఒక మెట్టు తెరిస్తే వెలుతురు రెట్టింపు, షట్టర్ ఒక మెట్టు పెంచితే సగం. అందుకే 125 దగ్గర 11, 250 దగ్గర 8, 500 దగ్గర 5.6, మూడూ ఒకే వెలుతురు. ఫొటోలో తేడా మాత్రం చాలా ఉంటుంది. 5.6లో వెనకున్నదంతా మసకబారుతుంది. 16లో, అనంతం గుర్తును లెన్సు మీది 16 గీత దగ్గరికి తెస్తే, 50 ఎంఎం లెన్సుకు సుమారు రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ రింగు తిప్పే పనే లేదు.

అనుమానం వస్తే ఒక మెట్టు వెలుతురు ఎక్కువే ఇవ్వండి. నెగెటివ్‌లో వెలుతురు తగలని చోట ఏమీ నమోదు కాదు, తర్వాత ఎంత తంటాలు పడ్డా రాదు. డిజిటల్‌కు అలవాటైనవాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు.

రీలు ఎక్కించేటప్పుడు ఎడమవైపు పీకను (ఫిల్మును వెనక్కి చుట్టే గుండ్రటి పిడిని) పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. ఫిల్ము నాలుకను కుడి చక్రం సందులో దూర్చి, రెండు అంచుల చిల్లుల్లో పళ్లు కూర్చున్నాయని చూసి తలుపు వేయండి. ఎడమ పీక తిప్పి వదులు తీసేయండి. రెండు ఖాళీ షాట్లు కొట్టండి. ఫిల్మును ముందుకు జరిపే లివరు లాగినప్పుడు ఎడమ పీక కూడా తిరగాలి. తిరగకపోతే ఫిల్ము జారిపోయినట్టే. ఫ్రేముల అంకె మాత్రం పెరుగుతూనే ఉంటుంది, అది లెక్కపెట్టేది లివరునే గానీ ఫిల్మును కాదు. ఆ అంకెను నమ్మితే 36 ఫొటోలూ గాలిలోకి పోతాయి. చివర్లో లివరు బిగుసుకుపోతే బలంగా లాగకండి, చిల్లులు చిరుగుతాయి. అడుగున బొత్తాం నొక్కి, వెనక్కి చుట్టి, పీక తేలికైపోయాకే తలుపు తీయండి.

ఫ్లాష్ వాడితే షట్టర్ అంకె 60 దాటకూడదు. అంతకన్నా వేగంలో తెరలు పూర్తిగా తెరుచుకోక సన్నటి సందుగా జరుగుతాయి, ఫొటోలో ఒక పక్క నల్లగా ఉండిపోతుంది.

రీలు కొనేముందే బాడీని పరీక్షించండి. తలుపు తీసి, లెన్సు ఊడదీసి, 1000 వేగంలో తెల్లగోడ వైపు చూస్తూ నొక్కండి. చట్రమంతా మెరవాలి. ఒక అంచు చీకటిగా ఉంటే తెరలు ఈడుస్తున్నాయి, లోపలి జిడ్డు గట్టిపడిందన్నమాట. తలుపు అంచుల్లో నల్ల స్పాంజి వేలికి అంటుకుంటే మార్పించాలి, లేకపోతే వెలుతురు చొరబడి ఫొటోల మీద చారలు వస్తాయి. లెన్సులో టార్చి వేసి చూడండి. సాలీడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. విశాఖ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్లలో దానికి చాలా ఇష్టం. తోలు కేసులో దాచకండి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచండి.

బాడీ పాడైపోయినా లెన్సు వృథా కాదు. దాని మౌంటు (బాడీకి బిగించే అంచు) సెన్సరుకు, అంటే డిజిటల్ కెమెరాలో ఫిల్ము చోట ఉండే పలకకు, 45.46 ఎంఎం దూరంలో ఉండాలి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరాల్లో మౌంటు నుంచి సెన్సరుకు అంత దూరం ఉండదు కాబట్టి, మధ్యలో ఖాళీ గొట్టం లాంటి అడాప్టరు చాలు. మెనూలో ‘లెన్సు లేకుండా రిలీజ్’ ఆన్ చేయడం మరవకండి.

నలుపు తెలుపు రీళ్లు ఇంట్లోనే కడగొచ్చు. ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 రీలును, డీ-76 అనే డెవలపరులో (బొమ్మను తేల్చే రసాయనంలో) సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు ఉంచాలి. మన వేసవి నీళ్లు దానికి పనికిరావు, వేడికి నెగెటివ్ మరీ దట్టమైపోతుంది. ఐసు ముక్కలు డెవలపరులో వేయకండి, పలచబడుతుంది. సీసానే ఐసు నీళ్ల తొట్టిలో పెట్టండి. కడిగాక బాత్రూములో వేలాడదీయండి, ఆరేదాకా ఫ్యాను వేయొద్దు. తడి ఫిల్ముకు అంటుకున్న దుమ్ము ఇక వదలదు.

ఇట్లు,
మీ తాతయ్య