‘సీనియర్’ హోదా, సన్మానాలు, ఉపన్యాసాలు: మా న్యాయవాద వృత్తిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: తల నెరిసిన ప్రతి ప్లీడరూ సీనియర్ న్యాయవాదే.

వాస్తవం: వాడుకలో అలా అంటాం, పత్రికలూ అలాగే రాస్తాయి. చట్టంలో ఆ మాటకు వేరే అర్థం ఉంది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం న్యాయవాదులు రెండు తరగతులు: సీనియర్ న్యాయవాదులు, ఇతర న్యాయవాదులు. సామర్థ్యాన్ని, బార్‌లో (న్యాయవాదుల వర్గంలో) ఉన్న స్థానాన్ని, న్యాయశాస్త్రంలో ప్రత్యేక పరిజ్ఞానాన్ని లేదా అనుభవాన్ని చూసి సుప్రీంకోర్టు గానీ హైకోర్టు గానీ ఆ హోదా ఇస్తుంది. ముప్పై ఏళ్లుగా జిల్లా కోర్టులో అద్భుతంగా వాదిస్తూ ఆ హోదా లేనివారు ఎందరో ఉన్నారు. నాకు క్రాస్ ఎగ్జామినేషన్ నేర్పింది అలాంటివారే.

అపోహ: పెద్ద కేసైతే నేరుగా సీనియర్ న్యాయవాదికే అప్పగించాలి.

వాస్తవం: అప్పగించలేరు. ఆయన వకాలతు దాఖలు చేయకూడదు, కక్షిదారు నుంచి నేరుగా కేసు తీసుకోకూడదు, దావా పత్రాలు, అఫిడవిట్లు రాయకూడదు. మరో న్యాయవాది తోడు లేకుండా కోర్టులో హాజరు కాకూడదు. ముందు మీ ఊరి వకీలును కలవండి.

అపోహ: వ్యాసాలు, ఉపన్యాసాలు లెక్క చూపిస్తే హోదా వస్తుంది.

వాస్తవం: ఈ అపోహకు కొంత కారణం ఉంది. ఇందిరా జైసింగ్ కేసులో 2017లో సుప్రీంకోర్టు వందకు మార్కుల పద్ధతి పెట్టినప్పుడు ప్రచురణలకు 15 కేటాయించింది. 2023లో వాటిని 5కు తగ్గించి, అందులోనే బోధనను, అతిథి ఉపన్యాసాలను చేర్చింది. 2025 మే నెలలో మార్కుల పద్ధతినే తీసేసి, నిర్ణయాన్ని ఫుల్ కోర్టుకు, అంటే ఆ కోర్టు న్యాయమూర్తులందరికీ కలిపి, వదిలింది. కింది కోర్టుల్లో వాదించేవారినీ పరిగణించాలని అదే తీర్పులో చెప్పింది. ఆ భాగం చదివిన రోజు మా బార్ గదిలో చాలామంది ముఖాలు వెలిగాయి.

అపోహ: గోడ నిండా జ్ఞాపికలు, శాలువాల ఫోటోలు ఉంటే మంచి లాయరు.

వాస్తవం: కొన్నేళ్ల కిందట నాకొక ఫోను వచ్చింది. ‘ఉత్తమ న్యాయవాది’ పురస్కారానికి ఎంపికయ్యానట, నమోదు రుసుము కడితే వేదిక మీద శాలువా కప్పుతారట. నేను ఏ కేసులు వాదించానో అవతలి వ్యక్తి ఒక్క మాటైనా అడగలేదు. పొలం తాకట్టు పెట్టి ఫీజు తెచ్చే మనిషి ఆ జ్ఞాపికను చూసి నన్ను నమ్మితే, అది మోసమే అవుతుంది. కట్టనని చెప్పాను. బార్ కౌన్సిల్ 36వ నియమం వృత్తి ప్రచారాన్ని నిషేధిస్తుంది. బార్ అసోసియేషన్ మాజీ అధ్యక్షుడినని, ఒకప్పుడు జడ్జిగా చేశానని, ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని నేమ్‌బోర్డు మీద రాసుకోవడానికి కూడా అది ఒప్పుకోదు. నిజంగా తెలుసుకోవాలంటే ఒక వాయిదా రోజు కోర్టు హాలులో వెనక బెంచీ మీద కూర్చుని ఆయన వాదన వినండి.

పద్మ పురస్కారాలదీ ఇంతే. అవి బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: న్యాయవాదులు మైకు పట్టుకునేది పేరు కోసమే.

వాస్తవం: రాజ్యాంగ దినోత్సవ సభల్లో నేనూ మాట్లాడాను, అక్కడ వినేవారు ఎక్కువగా మావాళ్లే. పల్లెల్లో జరిగే న్యాయ విజ్ఞాన సదస్సు వేరు. ఒకసారి పంచాయతీ కార్యాలయం అరుగు మీద, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని చెప్పి దిగాను. ఒకావిడ కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. “ఇదేదో చూడండి బాబూ, మా మరిది తరఫున వచ్చిందట” అంది. ఇంటి స్థలం మీద దావా, కోర్టు సమన్లు. వాయిదాకు నాలుగు రోజులే ఉంది. ఆ అరుగు మీదే కూర్చుని న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాసి, ఆవిడతో వేలిముద్ర వేయించాను.