లాకప్ దెబ్బలు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. ఎగ్మూరు, సైదాపేట మేజిస్ట్రేట్ కోర్టుల్లో పద్దెనిమిదేళ్లుగా రిమాండ్లు, బెయిళ్లు. పెళ్లి భోజనాల దగ్గర మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "దొంగని నాలుగు తన్నితే తప్పేంటమ్మా?" విస్తరి ముందు పూర్తిగా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: దెబ్బకు దెయ్యమైనా వదులుతుంది. తగిలిస్తే నిజం కక్కుతాడు.

పెరంబూరులో మా బాబాయి వాళ్లింట్లో నాలుగు సవర్ల గొలుసు పోయింది. అనుమానం పనిమనిషి మీద. "అమ్మాయ్, ఎస్సైకి ఒక మాట చెప్పు, గట్టిగా అడగమను" అని బాబాయి ఫోన్ చేశాడు. గట్టిగా అడగడం అంటే ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చెప్పనన్నాను. నేను చెప్పకపోయినా అడిగారు. రెండో రోజు సాయంత్రానికి ఆమె "షావుకారుపేటలో సేటు దగ్గర తాకట్టు పెట్టా" అంది. జీపెక్కించి తీసుకెళ్లారు. ఆ కొట్లో లేదు. "ఇది కాదు, పక్క సందు" అంది. అక్కడా లేదు. మూడో సేటు తాకట్టు పుస్తకం ముందుకు తోసి మీరే చూసుకోండి అన్నాడు. ఆమె చెప్పినవన్నీ ఎప్పుడో బస్సులోంచి చూసిన బోర్డులట. ఒక్కో కొట్టు పేరుకీ కాసేపు దెబ్బలు ఆగాయి, అంతే. గొలుసు ఇప్పటికీ దొరకలేదు. బాబాయి ఆ ఊసెత్తడు.

దేశాల స్థాయిలోనూ ఇదే తంతు. అల్ లిబీ అనే ఖైదీని అమెరికా ఈజిప్టుకు అప్పగించింది. ఇరాక్ అల్‌ఖైదాకు రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చిందని అతను అక్కడ చెప్పాడు. 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఇరాక్ మీద యుద్ధానికి ఆ మాటని వాడుకున్నాడు. యుద్ధం జరిగిపోయాక, దెబ్బలకు భయపడి కల్పించి చెప్పానని అల్ లిబీ మాట మార్చాడు.

అపోహ: హింసతో నిజం ఎప్పుడూ బయటికి రాదు.

ఇది మా వైపు వాళ్ల, అంటే హింస వద్దనేవాళ్ల, అపోహ. మీటింగుల్లో తెగ చెబుతారు. అప్పుడప్పుడు వస్తుంది. 2002లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 11 ఏళ్ల పిల్లవాడిని డబ్బు కోసం ఎత్తుకుపోయిన మాగ్నస్ గేఫ్గెన్ పోలీసులకు దొరికాడు. పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పలేదు. పోలీసు ఉపాధికారి వోల్ఫ్‌గాంగ్ డాష్నర్ ఆదేశంతో "చెప్పకపోతే భరించలేని నొప్పి పెడతాం" అని బెదిరించారు. కొద్ది నిమిషాల్లోనే చోటు చెప్పాడు. చెప్పింది నిజమే. కానీ పిల్లవాడిని ఎత్తుకెళ్లిన రోజే చంపేశాడు.

డాష్నర్‌ని విచారించి 2004లో దోషి అన్నారు. జరిమానా మాత్రం అమలు చేయకుండా వాయిదాలో పెట్టారు. 2010లో ఐరోపా మానవ హక్కుల కోర్టు, అంత నామమాత్రపు శిక్ష చాలదంది. నాకు ఆ జర్మనీ తీర్పే నచ్చింది. ఆ రోజు డాష్నర్ కుర్చీలో నేనుంటే ఏం చేసేదాన్నో గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. చేసినవాడు కోర్టు బోనెక్కాలి, తప్పు చేశావని అనిపించుకోవాలి, దయ చూపాలో లేదో అక్కడ జడ్జి చూసుకోవాలి. ముందే చేతికి లైసెన్సు ఇవ్వడం వేరే సంగతి. "పనిచేయదు కాబట్టి వద్దు" అనేవాళ్లు ఇలాంటి కేసు ఎదురైతే నోరు మూసుకోవాల్సిందే. అందుకే నేను ఆ వాదన మీద నిలబడను.

అపోహ: బాంబు పెట్టినవాడి దగ్గర కూడా నీతులేనా?

బాంబు కథలో అన్నీ ముందే తెలిసిపోతాయి: దొరికింది అసలువాడేనని, చోటు వాడికి తెలుసని, టైముందని, కొడితే చెబుతాడని. స్టేషన్లో వీటిలో ఒక్కటీ తెలీదు. పద్దెనిమిదేళ్లలో నా దగ్గరికి బాంబు కేసు ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ గొలుసులు, సెల్‌ఫోన్లు, బైకులు. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు జయరాజ్, బెన్నిక్స్ పోలీసుల చేతిలో దెబ్బలు తిని చనిపోయారు. లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ కొట్టు వేళ దాటి తెరిచారన్నది వాళ్ల మీద ఆరోపణ. 2025లో శివగంగ జిల్లా మడపురంలో పోలీసు కస్టడీలో చనిపోయిన గుడి కాపలాదారు మీద వచ్చింది నగల దొంగతనం ఫిర్యాదు.

బాంబు పేరుతో తలుపు తెరిచి చూసిన దేశం ఇజ్రాయెల్. 1987లో లాండౌ కమిషన్ "మితమైన శారీరక ఒత్తిడి" పెట్టొచ్చంది. ఆ మితం ఏళ్ల తరబడి రోజువారీ పద్ధతైపోయింది. చివరికి 1999లో వాళ్ల సుప్రీంకోర్టే ఆ పద్ధతులు చెల్లవనాల్సి వచ్చింది.

అపోహ: మానవ హక్కులంటే విదేశీ సరుకు.

ఈ మాట మద్రాసులో కూర్చుని అనకండి. 1850ల్లో శిస్తు కట్టలేని రైతుల వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కేవాళ్లు. దాన్ని కిట్టి అనేవారు. తలని కాళ్లదాకా వంచి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టేవాళ్లు. మన గుంటూరు, నెల్లూరు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీవే. దీని మీద బ్రిటిష్ పార్లమెంటుదాకా గొడవ చేసినవాళ్లలో ముందున్నది మద్రాసు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 'క్రెసెంట్' పత్రిక నడిపింది, మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టింది ఆయనే. డాన్బీ సేమర్ అనే ఎంపీ వస్తే వెంటబెట్టుకుని ఊళ్లు తిప్పాడు. కమిషన్ వేశారు. హింస నిజమేనని 1855లో అది రిపోర్టిచ్చింది.

1872 సాక్ష్య చట్టం రాసిన స్టీఫెన్‌కి ఇక్కడి అధికారి ఒకాయన అసలు రహస్యం చెప్పాడట: ఎండనపడి సాక్ష్యం వెతకడం కన్నా నీడపట్టున కూర్చుని ఎవడో ఒకడి కళ్లలో కారం రుద్దడం సుఖం అని. నూటయాభై ఏళ్లయినా ఇంతకన్నా మంచి కారణం నాకెవరూ చెప్పలేదు.

అపోహ: చట్టంలో కొద్దిగా వెసులుబాటు ఉంది.

లేదు. నేరం ఒప్పించడానికి కొడితే భారతీయ న్యాయ సంహిత 120 సెక్షన్ కింద ఏడేళ్లదాకా, తీవ్రమైన గాయమైతే పదేళ్లదాకా జైలు. మత్తు సూది వేసి నిజం చెప్పించే నార్కో పరీక్షలూ ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఐక్యరాజ్యసమితి హింస వ్యతిరేక ఒడంబడిక మీద మన దేశం 1997లోనే సంతకం పెట్టింది, ఆమోదం మాత్రం ఇవ్వలేదు. 2010లో లోక్‌సభ దాటిన హింస నిరోధక బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయింది.

ఇక నిందితుడి ఒంటి మీద దెబ్బలకి పోలీసులు చెప్పే, తమిళనాడులో అందరికీ తెలిసిన జవాబు: 'బాత్రూంలో జారి పడ్డాడు'. నిందితుడి చెయ్యికి కట్టు. స్టేషన్ బాత్రూంలో నిందితులే ఎందుకు జారుతున్నారని 2025లో మద్రాస్ హైకోర్టే అడిగింది.

అపోహ: సంతకం పెట్టాడుగా, ఇంకేంటి?

పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియమ్ 23 సెక్షన్. అది చూపించిన దారిలో వస్తువు దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుంది. అందుకే రికవరీ మీద అంత మోజు. ఉగ్రవాద కేసుల కోసం తెచ్చిన పాత టాడా చట్టం మాత్రం ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న ఒప్పుకోలుని సాక్ష్యంగా తీసుకునేది. రాజీవ్ గాంధీ హత్య కేసులో పేరరివాళన్‌కి ఉరిశిక్ష పడింది దాని మీదే. బాంబుకి వాడారన్న బ్యాటరీ తనతో ఎందుకు కొనిపించారో తెలీదని అతను అన్న ముక్క తాను రాయలేదని, ఆ ఒప్పుకోలు రాసుకున్న సీబీఐ అధికారి 2013లో చెప్పాడు. ఒక ముక్క మాయం చేయడానికి దెబ్బలు అక్కర్లేదు, కలం చాలు.

నా ఫైల్లో ఒకటుంది. సూళ్లూరుపేట వైపు కుర్రాడు. సెంట్రింగ్ పనికొచ్చి మూడు వారాలు. సెల్‌ఫోన్ దొంగతనం కేసు. రెండున్నర పేజీల వాంగ్మూలం కోర్టు తమిళంలో, 'ఎన్ సొంద విరుప్పత్తిన్ పేరిల్', అంటే నా ఇష్టపూర్వకంగా, అని మొదలై ఎక్కడా తడబడదు. కింద వంకర అక్షరాలతో తెలుగు సంతకం. మేజిస్ట్రేట్ "కొట్టారా?" అని తమిళంలో అడిగారు. కానిస్టేబుల్ వెనకే నిలబడున్నాడు. "ఇల్లె" అన్నాడు కుర్రాడు. వ్యాన్లో నేర్పిన తమిళం అదొక్కటే.

పుళల్ జైల్లో కలిసినప్పుడు, అందులో తనేం చెప్పానని రాశారో చదవమన్నాడు. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. బుద్ధిగా విన్నాడు. "జెమినీ బస్టాపులో నిలబడి ఉండగా" అన్నచోట చెయ్యి ఎత్తి ఆపాడు.

"జెమినీ అంటే టీవీ కదా మేడమ్?"