ఆకురాయి పట్టే ముందు: పిస్టల్ జామ్‌పై అపోహలు, వాస్తవాలు

ఎన్నికలు ముగిసి, ఎన్నికల వేళ పోలీసు స్టేషన్లలోనో డీలర్ల దగ్గరో డిపాజిట్ చేసిన లైసెన్సు ఆయుధాలు ఇళ్లకు చేరగానే కడపలోని మా మరమ్మతు దుకాణానికి ఒకే ఫిర్యాదు వస్తుంది: "జామ్ అవుతోంది, పిస్టల్ చెడిపోయినట్టుంది." 2024లోనూ అదే వరస.

అపోహ: జామ్ అయితే లోపల గరుకుగా ఉన్నట్టే, కాస్త అరగదీస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ప్రొద్దుటూరు వైపు నుంచి ఒక పెద్దాయన లేత్ పనివాడితో ఫీడ్ ర్యాంప్ (తూటాను బ్యారెల్‌లోకి ఎక్కించే వాలు) అరగదీయించి తెచ్చారు. అద్దంలా మెరుస్తోంది! కానీ అక్కడ లోహం తగ్గితే తూటా కేసు (మందు పట్టి ఉంచే లోహపు గొట్టం) అడుగుకు ఛాంబర్, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, ఇచ్చే ఆసరా తగ్గుతుంది. పేల్చినప్పుడు కేసు పగిలి, వేడి గ్యాసు మ్యాగజీన్ (తూటాలు నింపే పెట్టె) మీదికి కొట్టవచ్చు. పోయిన లోహాన్ని నేను తిరిగి అతికించలేను, బ్యారెలే మార్చాలి.

ఇంతకీ అసలు లోపం మ్యాగజీన్ నింపడంలో ఉంది. ఈ పిస్టల్ వాడే .32 ఏసీపీ రకం తూటా అడుగు అంచు కేసు కన్నా కాస్త బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక్కి జారితే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి, స్లైడు (ముందుకూ వెనక్కీ కదిలే పై భాగం) ఎంత తోసినా తూటా కదలదు. మందు లేని డమ్మీ తూటాలతో చూపిస్తే, ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన తప్పేమీ లేదు, ఇది చెప్పినవారే లేరు. అందుకే జామ్ అనగానే నేను ముందు మ్యాగజీన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు), స్ప్రింగు చూస్తాను. తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన కేసును బయటికి లాగే కొక్కెం) కింద పేరుకున్న మురికి. ఆకురాయి వంతు వచ్చేది ఎప్పుడో ఒకసారి.

అపోహ: .32 అంటే .32, రివాల్వర్ తూటా పిస్టల్‌కూ పనికొస్తుంది.

పనికిరాదు. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్‌ది పొడవైన ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ రకం తూటా, పిస్టల్‌ది పొట్టి ఏసీపీ.

అపోహ: ఏ నూనె అయినా నూనే.

వంటనూనె జిగురు కడుతుంది. అనంతపురం దుమ్ము తోడైతే ఇక చెప్పనక్కర్లేదు.

అపోహ: ఖాళీ కేసుల్లో మందు నింపుకుంటే ఖర్చు కలిసివస్తుంది.

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి. ఆయుధం ఉంచుకునే లైసెన్సు దానికి చాలదు. మందు ఎక్కువైతే ఏమవుతుందో చూపే పగిలిన కేసు ఒకటి నా డ్రాయరులో ఉంది. ఎవరైనా అడగగానే అది తీసి బల్లమీద పెడతాను. పెద్దాయనా దాన్ని చేతిలో తిప్పి చూసి, కొత్త బ్యారెల్ ధర అడిగారు.