పాత బట్టల మూట నుంచి పనిముట్ల పెట్టె దాకా

ఎక్కడో వరదొచ్చిందనో, భూమి కంపించిందనో వార్త రాగానే కాలేజీల్లో జరిగే హడావుడి దాదాపు ఒకేలా ఉంటుంది. సర్క్యులర్ వస్తుంది, క్లాసుకో ఇద్దరు చందాలు వసూలు చేస్తారు, గేటు దగ్గర బల్ల వేసి అట్టపెట్టెలు పెడతారు. ఆ పెట్టెల్లో సగానికి పైగా పాత బట్టలే పడతాయి. మంచి మనసుతోనే ఇస్తారు, అనుమానం లేదు. కానీ అవతలివాళ్లకు కావలసింది అదేనా? ఈ ప్రశ్నకు మన దేశంలో వందేళ్ల చరిత్ర ఉంది.

1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూడకుండా కలకత్తా సైన్స్ కాలేజీలోని కెమిస్ట్రీ ప్రొఫెసర్ ప్రఫుల్ల చంద్ర రాయ్ రంగంలోకి దిగారు. కాలేజీయే బెంగాల్ రిలీఫ్ కమిటీకి ఆఫీసైంది. ఆయన పిలుపుతో కుర్రాళ్లు వలంటీర్లయ్యారు. అప్పటికి పాతికేళ్లు నిండిన సుభాష్ చంద్ర బోస్ కూడా వరద ప్రాంతానికి వెళ్లి పనిచేశారు. నగదు, వస్తువులు కలిపి పోగైనది దాదాపు 25 లక్షల రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. చదువుకునే చోటు నుంచే సహాయాన్ని నడిపించవచ్చని చూపించింది ఈ కమిటీ.

తెలుగు నేలకు జోలె పట్టడం కొత్తేమీ కాదు. 1952లో రాయలసీమ కరువు కోసం, 1977లో దివిసీమ ఉప్పెన కోసం సినిమా నటులే వీధుల్లోకి వచ్చి చందాలు అడిగారు. 1977 నవంబర్ 19 నాటి ఆ ఉప్పెనలో వేల మంది పోయారు. నీళ్లు తీశాక అక్కడ మొదట కావలసింది చందా కూడా కాదు, శవాలను ఎత్తి దహనం చేసే మనుషులు. చెరువులు, పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. అలాంటి చోటికి దూరం నుంచి ఏం పంపాలో తెలియాలంటే ముందు అక్కడి వాళ్లను అడగాలి.

ఈ లోపు ప్రభుత్వం విద్యార్థి సేవకు ఒక చట్రం బిగించింది. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వీకేఆర్‌వీ రావు జాతీయ సేవా పథకాన్ని (ఎన్‌ఎస్‌ఎస్) ప్రారంభించారు. 37 యూనివర్సిటీలు, 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. దాంతో సహాయానికి రిజిస్టరు, బాధ్యుడైన లెక్చరరు వచ్చారు. ఏడాదికి 120 గంటల లెక్క, సర్టిఫికెట్ కూడా వచ్చాయి. లెక్క కోసం సేవ చేసేవాళ్లూ తయారయ్యారనుకోండి, అది వేరే సంగతి.

అసలు మలుపు బట్టల దగ్గర వచ్చింది. 1991 అక్టోబర్‌లో ఉత్తరకాశీ భూకంపం వచ్చినప్పుడు అన్షు గుప్తా అనే విద్యార్థి సాయం చేద్దామని ఢిల్లీ నుంచి కొండలెక్కి వెళ్లారు. చలికి ఒంటి మీద గుడ్డ ఎంత అవసరమో, దాని గురించి ఎవరూ పద్ధతిగా ఆలోచించడం లేదనీ ఆయనకు అప్పుడు అర్థమైంది. 1999లో ఇంట్లో తీసిన 67 బట్టలతో గూంజ్ సంస్థ పెట్టారు.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో కనిపించింది మాత్రం దీనికి తలకిందులు. దేశం నలుమూలల నుంచి లారీల్లో వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. చీర కట్టుకునే మత్స్యకార మహిళకు జీన్స్ ప్యాంటు, జాకెట్టు లేని చీర, చిరిగిన చొక్కా ఎందుకు? ఇళ్లు పోయినంత మాత్రాన ఆత్మాభిమానం పోదు కదా. మిగిలిపోయిన బట్టలను గూంజ్ లక్షల సంఖ్యలో తీసుకుని, ఏరి, కడిగి, పనికొచ్చేలా మార్చింది. నూలు గుడ్డలు నెలసరి ప్యాడ్లయ్యాయి. ఊరివాళ్లు తమ బావి తవ్వుకున్నా, దారి వేసుకున్నా, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలిచ్చే పద్ధతినీ ఈ సంస్థే ప్రచారంలోకి తెచ్చింది.

ఇక 2018 ఆగస్టు, కేరళ వరదలు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో నమోదు చేసే వెబ్‌సైట్‌ను రాష్ట్ర ఐటీ మిషన్‌తో కలిసి ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐట్రిపుల్‌ఈ వలంటీర్లు నడిపారు. వాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. నాకు అంతకంటే గొప్పగా అనిపించింది నీళ్లు తీశాక జరిగిన పని. ఇల్లు కడుక్కుని లోపలికి వెళ్లినా స్విచ్ బోర్డుల్లో బురద, తడిసిన వైరింగ్, పగిలిన పైపులు. కరెంటు వేస్తే షాక్ కొడుతుందేమోనన్న టెన్షన్. బయట ఎలక్ట్రీషియన్, ప్లంబర్ దొరకరు, దొరికినా ఊరంతా ఒకేసారి పిలుస్తుంది. అప్పుడు ‘నైపుణ్య కర్మసేన’ పేరుతో ఐటీఐ విద్యార్థులను పనిముట్లతో సహా దింపారు. బోర్డు విప్పి బురద తీయడం, వైర్లు పరీక్షించడం, పైపులు బిగించడం అన్నీ వాళ్లే.

సహాయం వెల్లువలా వచ్చేది మొదటి పది రోజులే. ఇంటి మరమ్మతు, పిల్లల పుస్తకాలు, పోయిన సర్టిఫికెట్ల అవసరం ఆ తర్వాత మొదలవుతుంది. అప్పటికి కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు వచ్చేస్తాయి. అందుకే నన్నడిగితే వసూలైన డబ్బులో కొంత రెండో నెల కోసం పక్కన పెట్టడం, సెలవుల్లో వెళ్లే పదిమంది పేర్లు ఇప్పుడే రాసుకోవడం లారీ నింపడం కంటే మేలు.