ఆటోగ్రాఫ్ కాదు, హామీ సంతకం: రిటైరైన ఎన్‌బీఏ ఆటగాళ్ల డబ్బుపై అపోహలు - వాస్తవాలు

హ్యూస్టన్‌లో ట్యాక్స్ అకౌంటెంట్‌గా పని మొదలుపెట్టి పదహారేళ్లయింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే: సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గ్యాస్ స్టేషన్లు నడిపేవాళ్లు, షుగర్‌ల్యాండ్‌లో క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లు. వీళ్లతో పాటు అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన కొద్దిమంది ఆటగాళ్ల లెక్కలు కూడా చూస్తాను. వాళ్లు పోస్టర్ల మీద కనిపించేవాళ్లు కారు. బెంచీ చివర కూర్చుని రెండు మూడు సీజన్లు గడిపి, ఆ తర్వాత యూరప్‌కో చైనాకో వెళ్లి ఆడి, మోకాళ్లు మొరాయించాక ఇంటికొచ్చినవాళ్లు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఈ సంగతి తెలియగానే "అంత సంపాదించి ఎలా పోగొట్టుకుంటారండీ?" అని అడుగుతారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: కార్లు, మెడలో గొలుసులు, జల్సాలు. ఆ జవాబులో సగం నిజం కూడా లేదు. ఎందుకు లేదో ఇక్కడ రాసిపెడుతున్నాను.

అపోహ: రిటైరైన ఐదేళ్లలో నూటికి అరవై మంది దివాలా తీస్తారు

ఈ అంకె 2009లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో వచ్చింది. ఆటగాళ్లు, ఏజెంట్లు, సలహాదారులు చెప్పిన మాటల మీద వేసిన అంచనా అది. కోర్టు రికార్డులు తిరగేసి తేల్చిన లెక్క కాదు. అయినా అప్పటి నుంచి ప్రతి ఉపన్యాసంలోనూ అదే వినిపిస్తోంది.

కోర్టు రికార్డులతో చేసిన పరిశోధన ఒకటుంది. అది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద. 1996 నుంచి 2003 వరకు ఆ ఆట లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఎంపిక చేసుకున్న వాళ్లను తీసుకుని, ఆట మానేశాక ఎంతమంది దివాలా పిటిషన్ వేశారో కొందరు ఆర్థికవేత్తలు లెక్కపెట్టి 2015లో ప్రకటించారు. పన్నెండేళ్లలో సుమారు 16 శాతం. అరవై కాదు. అలాగని తేలిగ్గా తీసుకునే అంకె కూడా కాదు. ఆ పరిశోధనలో నన్ను కుదిపింది ఇంకో విషయం. ఎక్కువ సంపాదించినవాళ్లకూ, ఎక్కువ కాలం ఆడినవాళ్లకూ దివాలా నుంచి ప్రత్యేకంగా రక్షణేమీ దొరకలేదు. ఖర్చే అసలు కారణమైతే ఎక్కువ డబ్బున్నవాడు ఎక్కువ కాలం నిలబడాలి కదా? నిలబడలేదంటే డబ్బు ఇంకో దారిన పోతోందన్నమాట.

అపోహ: వాళ్లను ముంచేది విలాసాలు

ముందు చేతికి ఎంత వస్తుందో చూద్దాం. పేపర్లో పడే జీతం చేతికొచ్చే జీతం కాదు. ఆదాయం ఆ స్థాయికి చేరాక పైమెట్టు మీద ఫెడరల్ పన్నే 37 శాతం. ఏజెంటుకు 4 శాతం దాకా ఇవ్వాలి. 2018 నుంచి ఆ కమిషన్‌ని జీతం మీద పన్నులో మినహాయించుకునే వీలు కూడా పోయింది. లీగ్ ఆదాయం లెక్క తేలేదాకా జీతంలో 10 శాతం ఎస్క్రో కింద, అంటే విడిగా ఒక ఖాతాలో, పట్టి ఉంచుతారు. ఇవి కాక ఆడటానికి వెళ్లిన రాష్ట్రాల పన్నులు. 1991 ఫైనల్స్‌లో షికాగో బుల్స్ లాస్‌ఏంజిలెస్ వెళ్లి అక్కడి లేకర్స్ జట్టుని ఓడించి కప్పు పట్టుకెళ్లారు. ఆ తర్వాత కాలిఫోర్నియా బుల్స్ ఆటగాళ్ల నుంచి పన్ను వసూలు చేసింది. షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రం ఊరుకోలేదు. 1992లో తనూ బయటి ఆటగాళ్ల మీద పన్ను వేసే చట్టం తెచ్చింది. అప్పటి బుల్స్ స్టార్ పేరు మీద 'మైకేల్ జోర్డాన్ ప్రతీకారం' అని దానికి పేరు పడిపోయింది. ఇప్పుడు పన్నున్న రాష్ట్రాలు దాదాపు అన్నీ అదే పని చేస్తాయి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి హ్యూస్టన్ ఆటగాడికి హాయి అనుకుంటారు. కాలిఫోర్నియాలో గడిపిన ప్రతి పనిదినానికీ అతను అక్కడ పన్ను కడతాడు. ఒక్కో ఆటగాడికి ఇరవైకి దగ్గరగా రిటర్నులు నింపుతాను.

ఇదంతా పోయాక సగానికి కాస్త అటూ ఇటూ మిగులుతుంది. అది కూడా పెద్ద మొత్తమే. విలాసాలతో దాన్ని కరిగించాలంటే టైం పడుతుంది. అప్పు తీరకపోతే నేను కడతానని పెట్టే హామీ సంతకానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

ఆంటోయిన్ వాకర్ సంగతి చూడండి. మూడుసార్లు ఆల్‌స్టార్, 2006లో మయామీ హీట్‌తో ఛాంపియన్. జీతాల రూపంలోనే 10.8 కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడు. 2010 మేలో దివాలా పిటిషన్ వేశాడు. ఆస్తులు 43 లక్షల డాలర్లు, అప్పులు 1.27 కోట్లు. కార్లున్నాయి, జూదం ఉంది, చుట్టూ చేయి చాచేవాళ్లూ ఉన్నారు. వాటిని దాచక్కర్లేదు, ఆయనా దాచలేదు. కానీ నడుం విరిచింది షికాగోలో కొన్న అద్దె ఇళ్లు, స్థలాలు. 2008లో మార్కెట్ కూలినప్పుడు, వాటి కోసం తన కంపెనీ తీసుకున్న అప్పుల కింద ఆయన సొంత హామీ ఉంది. కంపెనీ మునిగితే కంపెనీతో పోవాల్సింది ఆయన ఇంటిదాకా వచ్చింది. తర్వాత వాకర్ అదే కథ పట్టుకుని కుర్ర ఆటగాళ్లకు డబ్బు పాఠాలు చెబుతూ తిరిగాడు. ఆ ధైర్యం చిన్నది కాదు.

ఈ సొంత హామీనే ఇక్కడ పర్సనల్ గ్యారంటీ అంటారు. అదేంటో అర్థం కానివాళ్లకు నేను మా నాన్న కథ చెబుతాను. నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో టీచరు. తోటి టీచరు చిట్టీ పాడుకుంటే షూరిటీ సంతకం పెట్టారు. పాడుకున్నాయన కట్టడం మానేశాడు. నాన్న జీతంలోంచి నెలనెలా కోత పడింది, నేను ఇంటర్ అయ్యేదాకా. మా ఇంట్లో జల్సా అంటే ఆదివారం కోడికూర. మేము ఖర్చుపెట్టి చితికిపోలేదు, సంతకం పెట్టి చితికాం. ఇక్కడ ఎల్‌ఎల్‌సీ (యజమాని బాధ్యతకు హద్దు ఉండే కంపెనీ) ఉంది కదా, అప్పు కంపెనీ పేరు మీదే కదా అంటారు. బ్యాంకు ఆ వెనక పేజీలో అడిగేది షూరిటీ సంతకమే. భాగస్వాములు నలుగురున్నా మొత్తం బాకీని ఒక్కడి దగ్గరే వసూలు చేసుకునే హక్కు సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. నలుగురిలో ఎవరి జీతం పేపర్లో పడుతుందో బ్యాంకుకి తెలుసు.

ఇంత తెలిసీ నేను తప్పు చేశాను. పనిలో చేరిన మూడో ఏడు ఒక ఆటగాడి ఖర్చులు కూర్చుని తగ్గించాను. రెండు కార్లు అమ్మించాను, చిన్న ఇంటికి మార్పించాను, ఏదో సాధించానని సంతోషపడ్డాను. రెండేళ్ల తర్వాత అతనికో నోటీసు వచ్చింది. చిన్నాన్న కొడుకు పెట్టిన జిమ్ లీజుకి పదేళ్ల హామీ ఇచ్చి ఉన్నాడు. జిమ్ మూతపడింది. నేను ఆ ప్రశ్న అడగనే లేదు. అతని భార్య నా ఎదురుగా కూర్చుని ఆ కాగితం మడతపెట్టి మళ్లీ విప్పుతూ ఉండటం నాకింకా గుర్తుంది.

అపోహ: అప్పు లేకుండా రియల్ ఎస్టేట్ కుదరదు

ఇది మనవాళ్ల నోట కూడా తరచూ వింటాను. మా ఊళ్లోనే జవాబుంది. హ్యూస్టన్ రాకెట్స్‌కి 1994లో, 1995లో కప్పు తెచ్చిన హకీం ఒలాజువాన్ ఇస్లాం ప్రకారం వడ్డీకి దూరంగా ఉంటాడు. స్థలమైనా భవనమైనా నగదు ఇచ్చి కొంటాడు. అలాగే కొని అమ్మి పెద్ద మొత్తాలు గడించాడు. ధర పడినప్పుడు తొందరపెట్టే బ్యాంకు వెనక లేదు కాబట్టి ఆగగలిగాడు. డౌన్‌టౌన్‌లో ఒకప్పటి బ్యాంకు భవనాన్ని కొని ఇస్లామిక్ కేంద్రంగా మార్చాడు. ఆ స్తంభాల పక్కగా కారులో వెళ్తున్నప్పుడల్లా చూస్తుంటాను. అందరూ ఆయనలా చేయగలరని అనను, చేతిలో అంత నగదు ఉండాలి. కానీ కుదరదు అనే మాట తప్పు.

అపోహ: జోర్డాన్ అంత పేరుంటేనే వ్యాపారంలో గెలుస్తారు

నా ఆటగాళ్లకు ఎక్కువగా చెప్పే పేరు జూనియర్ బ్రిడ్జ్‌మన్. ఆ కుర్రాళ్లలో చాలామంది ఆ పేరు నా దగ్గరే మొదటిసారి వింటారు. 1975లో కొత్త ఆటగాళ్లను జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో లేకర్స్ ఆయన్ని ఎనిమిదో ఎంపికగా తీసుకుని, పెద్ద స్టార్ కరీం అబ్దుల్ జబ్బార్‌ని తెచ్చుకునే మార్పిడిలో మిల్వాకీకి పంపేశారు. ఎక్కువ కాలం మొదటి అయిదుగురిలో కూడా కాదు, ఆరోవాడిగా బెంచీ మీద నుంచి లేచి ఆడాడు. పన్నెండు సీజన్లు. ఏ ఏడాదీ జీతం మూడున్నర లక్షల డాలర్లు దాటలేదు.

ఆటగాడిగా ఉన్నప్పుడే వెండీస్ బర్గర్ల వ్యాపారం మీద కన్నేశాడు. డబ్బు పెట్టి దూరంగా కూర్చోలేదు. కౌంటర్ వెనక నిలబడి పని నేర్చుకున్నాడు. 1987లో ఆట మానేసే నాటికి సొంత దుకాణాలు కొన్నే ఉన్నాయి. అవి పెరిగి పెరిగి ఒక దశలో వెండీస్ 160కి పైగా, చిలీస్ 120 దాకా అయ్యాయి. తర్వాత వాటిని అమ్మి 2017లో కోకకోలా బాట్లింగ్‌లోకి దిగాడు. 2024లో తను బెంచీ మీద కూర్చున్న మిల్వాకీ బక్స్ జట్టులోనే 10 శాతం వాటా కొన్నాడు. 2025 మార్చిలో 71 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అప్పటికి ఫోర్బ్స్ అంచనాలో ఆయన ఆస్తి వంద కోట్ల డాలర్లు దాటింది.

డేవ్ బింగ్ కథ ఇంకోలా మొదలైంది. 1966లో డెట్రాయిట్ పిస్టన్స్‌లో చేరాక ఇంటి లోను కోసం వెళ్తే బ్యాంకు కుదరదంది. ఆయన అదే బ్యాంకులో వేసవి సెలవుల్లో పనికి చేరాడు. ఏటా వేసవిలో అదే పని. ఆట అయిపోయాక ఒక స్టీలు కంపెనీలో రెండేళ్లు ఉద్యోగం చేసి, 1980లో బింగ్ స్టీల్ పెట్టాడు. మొదటి నెలల్లో నష్టాలే. అయినా 1984కల్లా దేశస్థాయిలో మైనారిటీ చిన్న వ్యాపారి పురస్కారం వచ్చింది. 2009లో డెట్రాయిట్ మేయర్ అయ్యాడు. ఆ తిరస్కరించిన బ్యాంకు గుమ్మం ఎక్కి, అప్పు ఇచ్చేవాడు కాగితాన్ని ఎలా చదువుతాడో నేర్చుకోవడం నాకు ఆయన ఆటలో కొట్టిన పాయింట్లన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

అపోహ: పేరు పెడితే దుకాణం నడుస్తుంది

లేకర్స్ స్టార్ మ్యాజిక్ జాన్సన్ పేరు కంటే పెద్ద పేరు ఎంతమందికి ఉంటుంది? 1998లో ఆయన పేరుతోనే వచ్చిన టీవీ షో ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఏడు స్టార్‌బక్స్‌తో సగం సగం భాగస్వామ్యం కుదుర్చుకున్నాడు. మిగతా కంపెనీలు అడుగుపెట్టని నల్లజాతి పేటల్లో కాఫీ దుకాణాలు తెరిచాడు. అక్కడి జనం తినేవి పెట్టించాడు: స్వీట్ పొటాటో పై, పీచ్ కాబ్లర్. పాటలు కూడా వాళ్లు వినేవే. 2010లో తన వాటా తిరిగి అమ్మే నాటికి 105 దుకాణాలు. మనిషి ఒక్కడే, పేరు ఒక్కటే. తేడా ఎక్కడంటే ఆ పేటలో రాత్రి ఎనిమిదింటికి ఎవరు ఏం తింటారో ఆయనకి తెలుసు. టీవీ స్టూడియో తెలియదు.

అపోహ: చిన్న ఉద్యోగం చేస్తూ కనిపిస్తే చితికిపోయినట్టే

2013లో ఏడ్రియన్ డాంట్లీ మేరీలాండ్‌లో ఒక బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటిస్తున్నాడని వార్త వచ్చింది. గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా 'హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటున్న ఆటగాడు, ఏడాదికి పదిహేను వేల డాలర్ల లోపు జీతం. జనం జాలిపడ్డారు. ఆయనకి డబ్బు ఇబ్బందేమీ లేదు. ఆరోగ్య బీమా కోసమూ, ఇంట్లో ఊరికే కూర్చోలేకా చేరాడు. మరో మాజీ ఆటగాడు విన్ బేకర్‌ది వేరు. ఆయన నిజంగానే పది కోట్ల డాలర్ల దాకా సంపాదించి పోగొట్టుకున్నాడు. తాగుడు, ఒక రెస్టారెంట్. 2011లో తాగుడు మానేశాడు. 2015లో రోడ్ ఐలాండ్‌లో స్టార్‌బక్స్ ఏప్రన్ కట్టుకుని మేనేజర్ శిక్షణలో చేరాడు. తర్వాత బక్స్‌కి సహాయక కోచ్ అయ్యాడు. నా దృష్టిలో బేకర్ కోలుకున్నది కోచ్ అయిన రోజు కాదు, ఆ ఏప్రన్ కట్టుకున్న రోజే. లేఆఫ్ అయ్యాక నాలుగు నెలలు ఇంట్లో చెప్పకుండా రోజూ లైబ్రరీకి వెళ్లి కూర్చున్న మనవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. వాళ్లకి ఈ ఇద్దరి సంగతీ చెప్పాను.

అపోహ: లీగ్ పెన్షన్ చూసుకుంటుంది

మూడు సీజన్ల సర్వీసుంటే పెన్షన్ హక్కు వస్తుంది. 2016లో ఆటగాళ్ల సంఘం రిటైరైనవాళ్లకు ఆరోగ్య బీమా పెట్టింది, దానికీ మూడు సీజన్లు కావాలి. రెండున్నర ఆడినవాడికి లేదు. ఒకప్పుడు ఎన్‌బీఏకి పోటీగా నడిచిన ఏబీఏ లీగ్ ఆటగాళ్లు దశాబ్దాలు ఎదురుచూశాక 2022లో సుమారు 115 మందికి కలిపి 2.45 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. ఈలోపు కొందరు పోయారు.

కొత్త ఆటగాడు వస్తే ఇప్పుడు నేను ఖర్చుల పట్టిక అడగను. "ఇప్పటిదాకా ఎక్కడెక్కడ సంతకం పెట్టావు?" అని అడుగుతాను. ఆటోగ్రాఫుల గురించనుకుని నవ్వుతారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ గుర్తొస్తుంది: మేనమామ ట్రక్కు లోను, స్నేహితుడి అపార్ట్‌మెంటు లీజు, బార్బర్ షాపు. పోయిన నెల ఇరవై మూడేళ్ల అబ్బాయి వాళ్లమ్మతో వచ్చాడు. కారు వాషింగ్ వ్యాపారంలో భాగం ఇస్తామన్నారట, శుక్రవారంలోగా కాగితాలు పంపాలట. నలభై రెండు పేజీలు. ముప్పై ఎనిమిదో పేజీలో హామీ పత్రం, అందులో సంతకానికి పసుపు చీటీ అంటించి ఉంది. ఆమె ఆ చీటీ పీకి బల్ల మీద పెట్టి, "ఇది లేకుండా భాగం ఇస్తారేమో వాళ్లనే అడుగుదాం" అంది. అక్కడి నుంచే ఫోన్ చేశాం. 'ఇవ్వం' అన్నారు.